అక్కసు కలం పట్టినప్పుడు

ఈ నెల కథారచన శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి అడుగున ఒకే మాట ఉంది: 'పేరు వెయ్యకండి'. ఆడపడుచు మీద, పాత మేనేజరు మీద, వ్యాపారంలో ముంచిన స్నేహితుడి మీద కథలు రాసినవాళ్ళు, రాయబోతున్నవాళ్ళు. అందుకని పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాం. ఒక ఉత్తరానికైతే ఊరు కూడా తీసెయ్యాల్సి వచ్చింది.

ప్ర: మా అత్తగారు పోయాక ఆవిడ కాసులపేరు మా ఆడపడుచు ఎవరికీ చెప్పకుండా పట్టుకుపోయింది. ఆ కడుపుమంటతో 'రాబందు' అని 14 పేజీల కథ రాశాను. జరిగింది జరిగినట్టే రాశాను, ఒక్క అబద్ధం లేదు. రెండు పత్రికలు తిప్పి పంపాయి. ఒకాయన 'ఇది కథ కాదమ్మా, ఫిర్యాదు' అన్నారు. తేడా ఏమిటి?
— ఒక గృహిణి, తణుకు

జ: తేడా మీ కథ పేరులోనే ఉంది. పాఠకుడు మొదటి వాక్యం చదవకముందే ఆవిడ రాబందని మీరు తేల్చేశారు. ఇక 14 పేజీలూ అతను చెయ్యడానికి పనేమీ మిగల్లేదు, తల ఊపడం తప్ప. ఫిర్యాదు చేసేవాళ్ళకి తీర్పు ముందే తెలుసు, సాక్ష్యాలు తర్వాత పోగుచేస్తారు. కథలో పాఠకుడే సాక్షి, జడ్జీ కూడా అతనే. మీరు బల్ల గుద్దితే అతను లేచి వెళ్ళిపోతాడు.

కథ పంపారు కాబట్టి దాని మీదే చెబుదాం. రెండు రంగుల పెన్సిళ్ళు తీసుకోండి. 'దుర్మార్గురాలు', 'కపటపు నవ్వు', 'దురాశ', 'పాపం, నేను' లాంటి తీర్పు మాటల కింద ఎర్ర గీత పెట్టండి. కంటికి కనిపించేవి, చెవికి వినిపించేవి, చేతికి తగిలేవి వస్తే నీలం గీత. పేజీకి మూడు నాలుగు ఎర్ర గీతలు ఎవరి కథలోనైనా ఉంటాయి. మీ మూడో పేజీలో మేం లెక్కపెడితే 19 వచ్చాయి. నీలం గీత ఒక్కటే. అది బీరువా తాళాల గుత్తి. ఆ పేజీలో మాకు గుర్తున్నదీ అదొక్కటే.

తర్వాత సంభాషణలు చూడండి. ప్రతి గొడవలోనూ చివరి మాట ఎవరిది? మీ కథలో ఆరు చోట్ల గొడవ జరిగింది, ఆరుసార్లూ కోడలే గెలిచింది. ఎనిమిదో పేజీలో కోడలు ఆపకుండా 22 పంక్తులు మాట్లాడుతుంది, ఆడపడుచు తల దించుకుని వింటుంది. మీరు కోపం తెచ్చుకోనంటే ఒక మాట: ఆ 22 పంక్తులూ ఆ రోజు మీరు అనలేకపోయిన మాటలు. రాత్రిళ్ళు నిద్ర పట్టక మనసులో నూరుకున్న జవాబులన్నీ కథలోకి వచ్చి కూర్చుంటాయి. అక్కసు కథలన్నిట్లో ఇలాంటి పేజీ ఒకటి ఉంటుంది, కథ సరిగ్గా అక్కడే చస్తుంది. నిజంగా గొడవ పడే మనుషులు అంత సేపు ఒకరి మాట ఒకరు సాగనివ్వరు. మధ్యలో కుక్కర్ కూస్తుంది, ఎవరో గేటు తీస్తారు. మాట తెగిపోతుంది. నాలుగు పంక్తులు దాటిన ఏ మాటనైనా తెంచండి. గెలిపించే మాటను మొత్తంగా కొట్టెయ్యండి. అనలేకపోవడమే అక్కడ అసలు సంగతి.

మూడోది, 'జరిగింది జరిగినట్టే' అన్నారు కదా. సంక్రాంతికి వాళ్ళు ఏ బస్సులో వచ్చారో, అల్లుడికి ఏ రంగు పంచె పెట్టారో మొదటి రెండు పేజీల్లో ఉన్నాయి. అవి నిజం కాబట్టి ఉన్నాయి, కథకి పనికొచ్చి కాదు. నిజంగా జరగడం వల్ల ఏ వివరానికీ కథలో కూర్చునే హక్కు రాదు.

ఇక అసలు కష్టమైన పని. మీ ఆడపడుచు తన చిన్ననాటి స్నేహితురాలికి ఆ కాసులపేరు సంగతి చెబుతూ రాసిన ఉత్తరాన్ని మీరు రాయండి. ఒక పేజీ చాలు, సుమారు 250 మాటలు. ఇది అచ్చుకి కాదు, మీ బల్ల సొరుగులోకి. ఇందులో అందరూ ఒకే పొరపాటు చేస్తారు: 'అవునే, నాకు ఆశ ఎక్కువ, అందుకే తీసుకున్నా' అని రాస్తారు. అది ఆవిడ గొంతు కాదు, ఆవిడ నోట్లో మీ గొంతు. లోకంలో ఎవరూ తమ గురించి అలా చెప్పుకోరు. 'రెండేళ్ళు అమ్మకి పక్క మార్చింది నేనే. వాళ్ళు ఫోన్లో అడిగేవాళ్ళు ఎలా ఉందని' అనొచ్చు. 'నా పెళ్ళిలో అమ్మ మెళ్ళోంచి తీసి నాకు వేసి, ఫోటో అయ్యాక మళ్ళీ తీసేసుకుంది' అనొచ్చు. ఉత్తరం చివరికొచ్చేసరికి 'ఈవిడ చెప్పేదీ కొంత నిజమేనేమో' అని మీకే ఒక్క క్షణం ఇబ్బందిగా అనిపించాలి. అనిపించకపోతే మళ్ళీ రాయండి. ఆ ఇబ్బంది కలిగిన చోటే మీ కథ మొదలవుతుంది.

మీ నాలుగో పేజీలో ఇలా ఉంది:

'దుర్మార్గురాలైన సావిత్రి విషపు నవ్వు నవ్వుతూ బీరువా తెరిచింది. ఆమె కళ్ళలో దురాశ తాండవించింది. తల్లి చితి ఆరకముందే నగల మీద పడిందా రాబందు.'

అదే ఘట్టం ఇలా రాసి చూడండి:

'పదకొండో రోజు రాత్రి సావిత్రి బీరువా తెరిచింది. అమ్మ చీరలు ఒక్కొక్కటే తీసి, మొహానికి ఆనించుకుని, మళ్ళీ మడత చెడకుండా పెట్టింది. అడుగు అరలో డబ్బా. మూత తీసి కాసులు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. డబ్బా కొంగులో చుట్టుకుని లైటు తీసేసింది.'

రెండోదాంట్లో సావిత్రిని ఎవరూ క్షమించలేదు. దొంగతనం దొంగతనంగానే ఉంది. పైగా రెండోసారి లెక్కపెట్టడం మొదటి పేరాలోని తిట్లన్నిటికంటే గట్టిగా తగులుతుంది. కానీ చీరల వాసన చూసిన మనిషి కూడా ఆవిడే కాబట్టి పాఠకుడు పక్కకి తప్పుకోలేడు. ఎర్ర గీతలు ఎన్నున్నాయో మీరే చూసుకోండి.

ఇంకా గొంతులో మంట తగ్గకపోతే 'నేను' అని రాయడం మానెయ్యండి. ఆ కాసులపేరుని తూకం వెయ్యడానికి తీసుకెళితే చూసిన ఆచారి గారి వైపు నుంచో, పదేళ్ళ మనవరాలి వైపు నుంచో రాయండి. ఆచారి గారికి మీ ఇంటి తగాదా తెలియదు. ఆయనకి తెలిసింది కాసుకి ఎనిమిది గ్రాములని, ఒక కాసు తగ్గిందని. అంతే. 14 పేజీలు ఆరుకి దిగుతాయి.

ప్ర: బ్యాంకులో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఒక మేనేజరు కౌంటరు ముందు ఖాతాదారులంతా చూస్తుండగా నా మొహాన వోచర్ల కట్ట విసిరాడు. ఆయన్ని పాత్రగా పెట్టి కథ రాశాను. పేరు మార్చాను, ఊరు వరంగల్ తీసేసి ఓరుగల్లు అని పెట్టాను. ఆయన్ని లంచగొండిగా చూపించాను. కింద 'పాత్రలన్నీ కల్పితాలు' అని రాస్తే సరిపోతుందా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ

జ: వరంగల్‌ని ఓరుగల్లు చెయ్యడం మీ కథలో అన్నిటికంటే చమత్కారమైన మార్పు. మీరు హాస్యం రాస్తే బాగుంటుంది.

విషయానికొస్తే, సరిపోదు. మనిషిని పట్టించేది పేరు కాదు, వివరాల కలయిక. రష్యన్ కథకుడు చెకోవ్ విషయంలో జరిగింది చూడండి. 1892లో ఆయన ఒక కథ అచ్చు వేశాడు. అందులో డాక్టరు భార్య ఒకామె ఇంట్లో కళాకారుల్ని పోగుచేస్తుంది, ఒక ప్రకృతి చిత్రకారుడితో ప్రేమలో పడుతుంది. చెకోవ్‌కి ప్రాణస్నేహితుడైన చిత్రకారుడు లెవితాన్‌కీ, ఒక డాక్టరు గారి భార్యకీ అలాంటి సంబంధమే ఉందని మాస్కోలో తెలిసినవాళ్ళకి తెలుసు. చెకోవ్ ఆమె వయసు మార్చాడు: నలభై దాటిన మనిషి కథలో ఇరవై రెండేళ్ళ పిల్ల అయింది. ముగింపు మొత్తం కల్పించాడు. అయినా డాక్టరు, భార్య, చిత్రకారుడు, ఆ ఇంటి కచేరీలు అన్నీ ఒకే వరసలో నిలబడ్డాయి. అందరూ గుర్తుపట్టారు. లెవితాన్ సుమారు మూడేళ్ళు మొహం చూడలేదు. 1895 జనవరిలో ఒక స్నేహితురాలు వెంటబెట్టుకెళ్ళి కలిపితే మళ్ళీ కలిశారు. కథ గొప్పదే, ఇప్పటికీ చదువుతున్నాం. ఎందుకంటే దాని బరువంతా ఆ చిత్రకారుణ్ణి ఎగతాళి చెయ్యడం మీద లేదు, ఎవరూ పట్టించుకోని భర్త మీద ఉంది. చెకోవ్‌కే తప్పనిది మనకి తప్పుతుందా అన్నది వేరే సంగతి.

మీ కథలో మేనేజరుకి బట్టతల, ఎడమచేతి వాటం, 'అర్థమైందా లేదా' అనే ఊతపదం, ఇద్దరు కూతుళ్ళు, పాత స్కూటరు ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ ప్రమాదం కాదు. అయిదూ కలిస్తే అది ఆధార్ కార్డు.

చట్టం మాట. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పరువునష్టం 356వ సెక్షన్. పాత శిక్షాస్మృతిలో 499, 500. శిక్ష రెండేళ్ళ వరకు సాధారణ కారాగారం, లేదా జరిమానా, లేదా రెండూ. సమాజసేవ కూడా కొత్తగా చేర్చారు. పేరు రాయకపోయినా, తెలిసినవాళ్ళు 'ఇది ఫలానా ఆయనే' అని గుర్తుపట్టగలిగితే ఫిర్యాదుకి అవకాశం ఉంటుంది. 'కల్పితం' అన్న పంక్తి దానంతటదే రక్ష కాదు. 'నిజమే రాశాను' అన్నది కూడా క్రిమినల్ కేసులో ఒంటరిగా నిలవదు, అది ప్రజల మేలు కోసమని కూడా చూపాలి. నష్టపరిహారం కోసం సివిల్ దావా వెయ్యడానికి గడువు అచ్చయిన నాటి నుంచి ఏడాది. పుస్తకంగా వేసేముందు ఒక వకీలుకి చూపించండి.

మీ కథలో అన్నిటికంటే పెద్ద తప్పు లంచం. ఆయన మీ మొహాన కాగితాలు విసిరాడు, అది నిజం. లంచం తిన్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. గుర్తుపట్టగలిగే మనిషికి చెయ్యని నేరం అంటగట్టడం, ఇంతకంటే చెడ్డ కలగలుపు ఉండదు. కోర్టు సంగతి పక్కన పెట్టినా కథకే నష్టం. అవమానం చిన్నదిగా కనిపిస్తుందేమోనన్న భయంతో దానికి పక్కన పెద్ద నేరం కట్టారు. దాంతో కథ లంచం మీదికి పోయింది, కాగితాలు నేల మీద పడిన ఆ క్షణం, అందరూ చూస్తుండగా మీరు వంగి ఏరుకున్న ఆ క్షణం, రెండు వాక్యాల్లో దాటిపోయింది. అక్కడ కనీసం ఒక పేజీ ఉండాలి. ఎవరు చూశారు? ఎవరు చూడనట్టు నటించారు? ఏరుకోవడానికి ఎవరైనా వంగారా? ఆ సాయంత్రం ఇంట్లో ఏం చెప్పారు, ఏం చెప్పలేదు?

మార్చే పద్ధతి ఇది. దెబ్బని ఉంచండి, దెబ్బ తగిలిన చోటు మార్చండి. బ్యాంకు వదిలెయ్యండి. దర్జీ షాపు అనుకోండి: పెళ్ళివారి ముందు యజమాని కుట్టిన జాకెట్టు నేలకేసి కొడతాడు, ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మాస్టరు వంగి తీస్తాడు. లేదా మార్కెట్ యార్డు, క్యాటరింగ్ వంటశాల, స్కూల్ స్టాఫ్‌రూమ్. మీకు బాగా తెలిసిన మరో చోటు ఏదైనా. చోటు మారగానే గుండీలు, కత్తెర, కొలతల పుస్తకం అన్నీ కొత్తగా వెతకాలి. వెతుకుతున్నంత సేపూ మీ కళ్ళు ఆ మేనేజరు మొహం మీద ఉండవు. పాత్రని ముగ్గురి నుంచి కట్టండి: ఒకరి మాటతీరు, ఇంకొకరి భయం, మూడోవారి చేతులు. భయం మరిచిపోకండి. కిందివాళ్ళ మీద కాగితాలు విసిరే మనిషి పైవాళ్ళ ఫోన్ వస్తే లేచి నిలబడి మాట్లాడే మనిషి అయి ఉంటాడు.

ఒక్క హెచ్చరిక. కొందరు బట్టతలకి ఒత్తైన జుట్టు, ఎడమచేతికి కుడిచెయ్యి, ఇద్దరు కూతుళ్ళకి ఇద్దరు కొడుకులు అని అద్దంలో తిప్పినట్టు మారుస్తారు. తెలిసినవాళ్ళు ఆ అద్దాన్ని కూడా చదవగలరు.

ప్ర: చనిపోయిన మా పెదనాన్న గారి గురించి రాయవచ్చా? ఆయన లేరు కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటున్నాను.
— ఊరు వెయ్యడం లేదు

జ: చట్టంలో చనిపోయినవాళ్ళకీ చోటుంది. బతికుంటే వారి పరువు పోయేలా, కుటుంబానికి నొప్పి కలిగించాలన్న ఉద్దేశంతో రాస్తే అదీ పరువునష్టమే కావచ్చు. అయినా మీకు కేసు భయం కాదు, పెద్దమ్మ గారి భయం అని ఉత్తరం చదివితే తెలుస్తోంది. రాయండి, రాసి ఉంచండి. అచ్చు వెయ్యాలా అన్నది కథ పూర్తయ్యాక అడగాల్సిన ప్రశ్న. ముందే అడిగితే ప్రతి వాక్యం మీద పెద్దమ్మ గారే కూర్చుంటారు.

ప్ర: టెక్సాస్‌లో ఉంటాను. స్నేహితుడితో కలిసి వ్యాపారం పెట్టి మోసపోయాను. 380 పేజీల నవల రాశాను. మొదటి 250 పేజీలు బాగున్నాయని, చివరి 130 విసుగని చదివినవాళ్ళందరూ అంటున్నారు. మొదటి పేజీ నుంచీ విలన్ ఎవరో స్పష్టంగా చూపించాను, చివర్లో అతనికి తగిన శాస్తి చేశాను. ఎక్కడ తప్పు?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జ: మీరు చెప్పిన రెండు పనులే తప్పులు.

మొదటి పేజీలోనే ఆ స్నేహితుడు వంకర చూపులు చూస్తాడు, మెత్తగా నవ్వుతాడు, డబ్బు లెక్కలు తప్పిస్తాడు. చదివే ప్రతివాడికీ దొంగని తెలిసిపోయింది. ఒక్క మీ కథానాయకుడికి తప్ప. మీరు అతన్ని దుర్మార్గుణ్ణి చేద్దామనుకున్నారు, మీ కథానాయకుణ్ణి వెర్రివాణ్ణి చేశారు. నమ్మకద్రోహం నొప్పి పుట్టాలంటే ముందు నమ్మకం కనిపించాలి. కొత్తగా దిగినవాణ్ణి అర్ధరాత్రి డాలస్ విమానాశ్రయం నుంచి ఇంటికి తెచ్చుకుని పులిహోర పెట్టింది ఎవరు? మొదటి కారుకి లోను సంతకం ఎవరిది? ఇవి కథానాయకుడికి జరిగిన నిజమైన మేళ్ళుగా రాయండి, వెనక కుట్ర ఉందని సైగ చెయ్యకుండా. ఆ స్నేహితుడికి ఒక పని గొప్పగా వచ్చి ఉండాలి. మనుషులతో మాట్లాడటం కావచ్చు, కష్టంలో నవ్వించడం కావచ్చు. పాఠకుడు కూడా అతన్ని ఇష్టపడి, తానూ మోసపోవాలి. 250వ పేజీ దగ్గర దెబ్బ అప్పుడు ఇద్దరికీ తగులుతుంది.

ఇక శాస్తి. మీ నవలలో అతనికి వరసగా కారు ప్రమాదం, విడాకులు, పక్షవాతం. ఆఖరి పేజీలో చక్రాల కుర్చీలోంచి క్షమాపణ. తెలుగు కథల్లో పక్షవాతానికి ఇంత పని ఎందుకు పడుతుందో మాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అత్తకి పక్షవాతం, వడ్డీ వ్యాపారికి పక్షవాతం, తండ్రిని వదిలేసిన కొడుక్కి పక్షవాతం. ఈ శిక్షలు కథలోంచి పుట్టవు, రచయిత చెయ్యి పైనుంచి దిగి వేసిపోతుంది. పాఠకుడికి ఆ చెయ్యి కనిపించగానే పేజీలు గబగబా తిప్పడం మొదలుపెడతాడు.

ఎక్కడ తప్పిందో పట్టుకునే మార్గం చెబుతాం. ఒక్కో అధ్యాయానికి ఒక్కో పంక్తి రాయండి. మీకు 32 అధ్యాయాలు కాబట్టి 32 పంక్తులు. ఇప్పుడు పంక్తికీ పంక్తికీ మధ్య 'అందువల్ల' గానీ 'అయినా' గానీ పెట్టి చదవండి. 'ఉమ్మడి ఖాతా తెరిచారు. అందువల్ల ఒకరి సంతకంతోనే డబ్బు తీసే వీలు వచ్చింది.' కుదిరింది. 'వ్యాపారం మునిగింది, ఆ తర్వాత అతని కారుకి ప్రమాదం జరిగింది.' ఇక్కడ 'ఆ తర్వాత' తప్ప ఇంకేదీ కుదరదు. 'ఆ తర్వాత' వరసగా మూడుసార్లు వస్తే కథ ఆగిపోయి మీ కసి నడుస్తోందని గుర్తు. పంపిన భాగంలో 21వ అధ్యాయం నుంచి అన్నీ అవే. అక్కడ చేరింది 250వ పేజీయేనని మీకు చెప్పక్కర్లేదు.

మరి అతనికి ఏమీ జరగకూడదా? జరగాలి, కానీ అతని స్వభావంలోంచి. మనుషుల్ని మాటలతో కట్టిపడేసే మనిషి, ఒకరోజు మాటలు పని చెయ్యని చోట నిలబడితే? లేదా అతను హాయిగా ఉంటాడు. కొత్త ఇల్లు, గృహప్రవేశం, మీ కథానాయకుడికీ పిలుపు. వెళ్ళాలా వద్దా? 130 పేజీల శిక్షకంటే ఆ పిలుపు అందుకున్న సాయంత్రం 20 పేజీలు బలంగా ఉంటుంది.

ప్ర: నా కవితా సంపుటిని ఒక విమర్శకుడు ఏకిపారేశాడు. ఆయన్ని వెధవగా చూపిస్తూ ఒక వ్యంగ్య కథ రాస్తే?
— ఒక కవి, అనంతపురం

జ: ఆయన్ని ఎరిగిన నలుగురూ నవ్వుతారు. మిగతావాళ్ళు 'ఎవరీయన?' అంటారు. కాబట్టి ఒక్కటే పరీక్ష: ఆయనెవరో తెలియని పాఠకుడు కూడా నవ్వుతాడా? 1930లో ఆంగ్ల రచయిత సోమర్సెట్ మామ్ 'కేక్స్ అండ్ ఏల్' నవలలో ఆల్రాయ్ కియర్ అనే రచయితని పెట్టాడు. పెద్దలకి ఉత్తరాలు రాసి, విమర్శకుల్ని భోజనానికి పిలిచి పైకొచ్చిన మనిషి. తోటి రచయిత హ్యూ వాల్పోల్ అది చదివి, తనేనని గుర్తుపట్టి కుమిలిపోయాడు. ఇప్పుడు వాల్పోల్‌ని చదివేవాళ్ళు అరుదు. కియర్ మాత్రం ప్రతి సాహిత్య సభలోనూ ముందు వరసలో కూర్చుని ఉంటాడు. మామ్ ఒక మనిషిని కొట్టబోయి ఒక జాతిని పట్టుకున్నాడు. మీ విమర్శకుడిలో మీకు అలాంటిదేమైనా కనిపించిందా, లేక ఆ సమీక్షలో మూడో పేరా మాత్రమే కనిపిస్తోందా? రెండోదే అయితే ఆ పేరా ఇంకోసారి చదవండి. సంపుటి పంపారు కాబట్టి చెబుతున్నాం, అంత్యప్రాసల గురించి ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది.

ప్ర: కక్ష వదలండి, అవతలివాడి వైపు నుంచి చూడండి అంటారు. మా తాతల్ని ఊరి బావి దగ్గరికి రానివ్వని వాళ్ళ వైపు నుంచి నేనెందుకు చూడాలి? ఇది అన్యాయాన్ని మెత్తగా చెప్పమనడం కాదా?
— ఒక యువ కథకుడు, ఒంగోలు

జ: ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో మేం ఎక్కువసేపు మాట్లాడుకున్నది ఇదే. మెత్తగా చెప్పమని మేం అనడం లేదు. మీ కోపం, పై ఉత్తరాల్లోని అక్కసు ఒకటి కావు. అక్కసు ఒక మనిషి ఓడిపోతే చల్లారుతుంది. మీ కోపం ఏ ఒక్కడు ఓడినా చల్లారదు, ఎందుకంటే బావి చుట్టూ ఉన్నది ఒక ఏర్పాటు. అందుకే ఒక చెడ్డ దొరని పెట్టి అతన్ని చంపేస్తే మీ కథకే నష్టం: పాపమంతా అతని ఖాతాలో వేసి ఊరు ఇంటికెళ్ళి నిద్రపోతుంది.

గురజాడ 'కన్యాశుల్కం' దగ్గర పెట్టుకుని చూడండి. విశాఖ జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా ఒకటి విజయనగరం మహారాజు తయారు చేయించారు. లెక్క 1034. అందులో 99 మంది పెళ్ళికూతుళ్ళకి అయిదేళ్ళు, ముగ్గురికి ఏడాది వయసు. మొదటి ముద్రణ పీఠికలో ఈ అంకెలన్నీ గురజాడే ఇచ్చారు. ఇంత తెలిసి, ఇంత రగిలిన మనిషి లుబ్ధావధాన్లుని రాక్షసుడిగా రాయలేదు. పిసినారి, పిరికి, ఎవరు ఏది చెప్పినా బెంబేలెత్తే ముసలాయన. నవ్వొస్తుంది, ఒక్కోసారి జాలి కూడా వేస్తుంది. అయినా ఆ ఆచారం మీద దెబ్బ తగ్గలేదు. ఇంకో సాహసం చూడండి: తాను నమ్మిన సంస్కరణ కబుర్లని తీసుకెళ్ళి గిరీశం నోట్లో పెట్టారు. తన పక్షం మాటల్నే బూటకపు మనిషి చేత పలికించారు. కక్షతో రాసేవాడు చెయ్యలేని పని అది. 1897లో ఒకసారి అచ్చయ్యాక 1909లో నాటకాన్ని దాదాపు కొత్తగా తిరగరాశారు కూడా.

కాబట్టి మీ కథలో అవతలివైపు నుంచి చూడటమంటే సమర్థించడం కాదు. బావి దగ్గర అడ్డు నిలబడ్డ మనిషి ఆ పొద్దున తన పిల్లలకి అన్నం కలిపి పెట్టి వచ్చాడని చూపించండి. మంచి తండ్రి, మంచి పొరుగువాడు, చేద మాత్రం ముట్టుకోనివ్వడు. రాక్షసుడైతే చదివేవాడు 'నేను కాదు' అనుకుంటాడు. అన్నం కలిపే చెయ్యి అయితే అలా అనుకోలేడు. మీ తాతగారిని కూడా కన్నీటి బొమ్మ చెయ్యకండి. ఆయనకి ఒక చిలిపితనం, ఒక మొండితనం, ఇంట్లోవాళ్ళని విసిగించే అలవాటు ఒకటి ఇవ్వండి.

ప్ర: కథలో నా పగ ఇంకా మిగిలుందో లేదో నాకు నేనే ఎలా తెలుసుకోవాలి?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జ: మీకు మీరే తెలుసుకోలేరు. కథని కనీసం ఆరు వారాలు పక్కన పెట్టి, తర్వాత మీ కుటుంబాన్ని గానీ ఆఫీసుని గానీ ఎరగని ఒకరికి ఇవ్వండి. మీ పక్షాన ఉండే అక్కకి, స్నేహితురాలికి ఇవ్వకండి, వాళ్ళు కథ చదవరు, మిమ్మల్ని ఓదారుస్తారు. 'బాగుందా?' అని అడగకండి. రెండే ప్రశ్నలు అడగండి. ఒకటి, చదువుతూ ఎక్కడ ఆగి టీ పెట్టుకున్నారు? ఆ పేజీ మీద గుర్తు పెట్టుకోండి. రెండు, సికింద్రాబాద్ నుంచి విశాఖ దాకా రాత్రంతా రైల్లో ఎదురు బెర్తులో ఈ కథలోని ఎవరుంటే మీకు పొద్దుపోతుంది? వాళ్ళు గనక మీ శత్రువు పేరు చెబితే కథ దాదాపు అయిపోయినట్టే. మీ కథానాయిక గురించి 'అమ్మో, ఆవిడ రాత్రంతా చెబుతూనే ఉంటుందండీ' అన్నారంటే మటుకు మళ్ళీ ఎర్ర పెన్సిలు తీయండి.